ఈడ ఎవురూ లేరు

ఈ యాత్రలో నేను చివరికి చేరిన ఊరి పేరు రాయను. బస్సు ఎటు తిరిగిందో, ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో ఏదీ రాయను. నంద్యాల గురించీ ఆళ్ళగడ్డ గురించీ అడిగితే ఎంతైనా చెబుతాను, తీరిగ్గా వెళ్ళి చూసి రండి. ఆ తర్వాతి చోటుకి మాత్రం మీరెవరూ వెళ్ళకూడదనే ఇదంతా రాస్తున్నాను. యాత్ర చేసి వచ్చినవాళ్ళు ఇలా మొదలుపెట్టరని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేనూ అందరిలాగే మొదలుపెట్టాను. దానివల్ల ఏమైందో కళ్ళారా చూశాను.

మాది తెనాలి. తపాలా ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. అందులో సగం కాలం ఉత్తరాలు విడదీసే బల్ల దగ్గరే గడిచింది. సరైన చిరునామా లేని కవరు వస్తే అందరూ నా ముందు పడేసేవాళ్ళు. "మసీదు పక్క సందు, కుట్టుమిషను సుబ్బమ్మ" అని మాత్రమే ఉన్నా చేర్చేదాన్ని. రిటైరయ్యాక ఆ విద్య ఫోనులో పనికొచ్చింది. నాకు జనం ఎగబడే చోట్లంటే చిరాకు. అందుకని వేలమంది మెచ్చుకున్న ఫోటోల జోలికి పోకుండా, పదీ ఇరవైమంది చూసిన వీడియోలు వెతికేదాన్ని. తీసినవాళ్ళకి ఊరి పేరు పెట్టడం కూడా తెలిసి ఉండదు. వెనక కనబడే కొండ వరసా, గోడ మీది రాతా, కరెంటు స్తంభం మీది అంకెలూ చూసి అది ఎక్కడో తేల్చి, వెళ్ళి చూసొచ్చి, "జనం లేని చోట్లు" అనే నా పేజీలో దారితో సహా రాసేదాన్ని. ఆ పేజీలో పదకొండు వేలమంది చేరారు. జనం లేని చోటు గురించి పదకొండు వేలమందికి చెబుతున్నానన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదంటే నమ్మండి.

ఈ ఏడాది చలి తగ్గుతున్న రోజుల్లో ఒక వీడియో కంటపడింది. నిమిషం కూడా లేదు. నల్లటి రాతి గోడల మధ్య కదలని నీలపు నీళ్ళు. కెమెరా మెల్లగా చుట్టూ తిరుగుతుంది. చివర్లో ఒక మగ గొంతు, "ఈ పొద్దు ఈడ ఎవురూ లేరు" అంటుంది. అంతే. ఆ ఖాతా తెరిచి చూస్తే రోజుకొకటి చొప్పున వందల కొద్దీ అవే నీళ్ళు, అదే మాట. చూసినవాళ్ళు ముప్పైమందో నలభైమందో. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరో నాకోసమే ప్రకటన ఇచ్చినట్టుంది. పైగా రోజూ స్వయంగా వెళ్ళి చూసొచ్చి మరీ చెబుతున్నాడు, ఎంత నిజాయితీపరుడో అనుకున్నాను.

ఆ యాసా, కెమెరా తిరిగినప్పుడు కనబడే శనగ చేలూ బట్టి నంద్యాల వైపని మాత్రం తేలింది. బయల్దేరే ముందు రోజు ఆ వీడియో ఒకటి నా పేజీలో పెట్టి, ఇదెక్కడో చెప్పుకోండి చూద్దాం, శనివారానికి నేనక్కడుంటాను అని పందెం వేశాను.

నంద్యాలలో బొరుగులు

రైలు నల్లమల సొరంగాలు దాటి బయటపడేసరికి మట్టి రంగు మారింది. మా వైపు పచ్చదనానికి అలవాటు పడిన కళ్ళకి ఆ నల్లరేగడి తడిసిన గొంగళిలా కనిపించింది. ఎటు చూసినా శనగ చేలే.

నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక బోర్డులు పెద్దవయ్యాయి గానీ పొద్దున్నే నిద్రలేచే పద్ధతి పాతదేనని ఒక ఆటో ఆయన చెప్పాడు. స్టేషను దగ్గరి హోటల్లో పక్కవాళ్ళ ప్లేటు చూసి మరమరాల ఉప్మా ఒకటి ఇమ్మన్నాను. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, దాన్ని ఉగ్గాని అంటారని, అవి మరమరాలు కాదు బొరుగులని, ఉప్మా అన్న మాట ఇంకోసారి అనొద్దని చెప్పాడు. నలభై రూపాయలకి ప్లేటు నిండా ఉగ్గాని, పైన రెండు మిరపకాయ బజ్జీలు. మా ఊళ్ళో బజ్జీని పెసరట్టు పక్కన ఊహించలేం. కారానికి కళ్ళనీళ్ళు వచ్చినా పరువు కోసం రెండోది కూడా తిన్నాను.

ఎదుటి కుర్చీలో ఒక టీచరమ్మ కూర్చుంది. పాణ్యంలో బడి, ఏదో శిక్షణకని వచ్చింది. నేను ఫోనులో వీడియో చూపించి ఇదేమై ఉంటుందని అడిగాను. ఆమె ఒక్క చూపులో చెప్పేసింది. అది చెరువూ కాదు వాగూ కాదు, గని. ఈ పక్క భూమిలో నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. బండలుగా కోసి తీస్తారు. రాయి అయిపోయాక గుంతలో వాననీళ్ళు నిలుస్తాయి. ఇళ్ళ నేల, గోడ, చేను చుట్టూ కంచె, ఆఖరికి బట్టలుతికే రాయి కూడా ఆ నాపబండలేనట. తర్వాత ఆమె వీడియో ఒక మూల వేలు పెట్టి ఆపింది. ఒడ్డున మోకాలెత్తు రాయి, దానిమీద చెక్కిన పువ్వు. ఈ చెక్కుడు ఆళ్ళగడ్డ పనేనంది. ఇన్నిసార్లు చూసి నేను దాన్ని సరిహద్దు రాయి అనుకున్నాను. చిరునామా దొరికిన సంబరంలో ఆమె టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

ఆ రోజంతా ఊళ్ళో తిరిగాను. బస్టాండు దగ్గర పచ్చిశనగ కొమ్మలు కట్టలు కట్టి ఇరవై రూపాయలకి అమ్ముతోంది ఒకావిడ. నోటు ఇస్తే చిల్లర దుడ్లు లేవా మ్మా అంది. దుడ్లు అంటే డబ్బులని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. కాయలు ఒలుచుకు తింటూ ఒకే మాటకి ఊరూరికీ అర్థం మారుతుందని ఏదో పెద్ద విషయం కనిపెట్టినట్టు మురిసిపోయాను.

ఆళ్ళగడ్డలో తామర

శనివారం పొద్దున ఆళ్ళగడ్డ చేరేసరికి ఉలి చప్పుడు బస్సు దిగకముందే వినబడింది. రోడ్డు వారన రేకుల షెడ్లు, వాటి ముందు సగం ముఖాలు తేలిన దేవుళ్ళు, నడుము దాకానే పుట్టిన నాయకులు. పనివాళ్ళ కనురెప్పల మీద కూడా రాతిపొడి. మా తెనాలిలోనూ విగ్రహాలు చేస్తారు గానీ అక్కడ మంటా, ఇనుమూ, రంగుల వాసనా. ఇక్కడ పొడీ, ఓపికా. ఒక షెడ్డు వెనక వరసగా శిలువలు ఆనించి ఉన్నాయి. దేవుడి విగ్రహానికి చివర్న కళ్ళు తెరుస్తారు కదా, వీటికి చివరి పని ఏమిటని అక్కడి పెద్ద శిల్పిని అడిగాను. పేరు చెక్కడమే వీటికి చివరి పని అన్నాడాయన.

వీడియో చూపించాను. ఆయన అద్దాలు పైకి జరుపుకుని, చేతి పొడి లుంగీకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"ఈ రాయి నేను కొట్టిందే మ్మా. ఆయప్ప లిల్లీ పువ్వు కొట్టమన్యాడు. నా చెయ్యి తామరకు అలవాటు. ఎంత జాగర్తగా కొట్టినా తామర మాదిరే వొచ్చింది. ఆయప్ప చూసి ఏమీ అన్లే. తీసకపోయినాడు."

ఊరి పేరు చెప్పాడు. మనిషి పేరు దావీదు అని, సాయంత్రం అయిదింటికి దినామూ ఆడ్నే ఉంటాడని, పాపం అని అన్నాడు. ఆ పాపం ఎందుకన్నాడో నేను అడగలేదు. లిల్లీ ఎవరికోసమని కూడా అడగలేదు. ముప్పై రెండేళ్ళ అలవాటు, చిరునామా దొరికితే చాలు, లోపల ఉత్తరంలో ఏముందో నాకు పట్టదు.

మధ్యాహ్నం బస్సులో కూర్చుని నా పేజీ తెరిచాను. వందకి పైగా జవాబులు. అన్నీ తప్పే, ఒక్కటి తప్ప. కర్నూలు కుర్రవాడెవరో ఊరి పేరు, దారి పటం సహా సరిగ్గా పెట్టాడు. శిష్యుడు గురువుని మించాడని ముచ్చటపడి దానికి ఒక గుండె బొమ్మ పెట్టాను. సరైన జవాబు అదేనని అందరికీ తెలియడానికి అది చాలు.

రెండడుగులు

ఊళ్ళో ఇళ్ళు, దొడ్లు, దారి పక్క గోడలు అన్నీ నిలువుగా పాతిన నాపబండలే. శనగ చేల మధ్య నుంచి నడిచి వెళితే అయిదు కావస్తుండగా గని కనబడింది. వీడియోలో కన్నా బాగుంది. గాలి లేదు, మనిషి లేడు, నీళ్ళల్లో రాతి పొరలు ఒకదానికింద ఒకటి గీతలు గీసినట్టున్నాయి. ఒడ్డు నుంచి నీళ్ళలోకి నున్నటి మెట్టు ఒకటి ఉంది. మోకాలి లోతు. చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి పట్టుకుని దిగాను. కాళ్ళకింద బండ చల్లగా, మా ఇంటి వరండాలాగా చదునుగా ఉంది. కొంచెం లోపలికి నడిచి, ఒడ్డు కనబడేలా ఫోటో తీసుకుందామని నీళ్ళవైపు వీపు పెట్టి ఫోను ఎత్తాను. చట్రంలో ఆ పువ్వు రాయి సగమే పడింది. ఇంకొంచెం వెనక్కి జరగాలి.

"అక్కా, ఆడ్నే నిలబడు. ఎనక్కి అడుగెయ్యద్దు."

అరుపు కాదు. మామూలుగా, నిదానంగా అన్న మాట. దాంతో ఇంకా భయం వేసింది. సన్నటి మనిషి, తెల్లచొక్కా, చేతిలో పొడుగాటి వెదురుగడ. నీళ్ళలోకి దిగి, నన్ను దాటి వెళ్ళకుండా నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి నడిపించాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, నేను నిలబడ్డ చోటుకి రెండడుగుల అవతల ఆ గడని నిలువుగా నీళ్ళలోకి దించాడు. గడంతా లోపలికి పోయింది, ఆయన చెయ్యి భుజం దాకా మునిగింది, అయినా అడుగు తగల్లేదు.

ఒడ్డున కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు. నాపరాయి తీసేటప్పుడు పొర పొరకీ కాస్త మెట్టు వదులుతూ దిగుతారు. చివరి మెట్టు కింద మంచి రాయి పడితే మాత్రం మెట్టు వదలకుండా నిలువునా కోసేస్తారు. నీళ్ళు నిండాక పైనుంచి చూసేవాళ్ళకి స్నానానికి కట్టినట్టుండే మెట్టు ఒక్కటే కనబడుతుంది. అది ఎక్కడ ఆగుతుందో కోసినవాడికే తెలుస్తుంది.

"ఆ మెట్టు కోసింది నేనే," అన్నాడు.

నేను, మరి ఇంత ప్రమాదం పెట్టుకుని రోజూ ఇక్కడ ఎవరూ లేరు రండి అని ఎందుకు పెడుతున్నారు దావీదు గారూ అని కోపంగానే అడిగాను. ఆయనకి నా మాట అర్థం కాలేదు. రమ్మని యాడ చెప్పినానక్కా అన్నాడు. తర్వాత నెమ్మదిగా పువ్వు రాయి వైపు చూపించాడు. దానిమీద పేరు వీడియోలో కనబడేది కాదు. గ్రేసు.

సారమ్మ ఫోను

దావీదుకి ఒక్కతే కూతురు. నంద్యాలలో నర్సు కోర్సు చదివేది. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చి, మా నాయన కోసిన గని అని చూపించింది. మెట్టు మీద నలుగురూ నిలబడ్డారు. ఫోటోలో అందరూ పట్టడం లేదని గ్రేసు వెనక్కి జరిగింది. సరిగ్గా నేను జరగబోయిన చోటే.

ఇది నాకు చెప్పింది ఆయన భార్య సారమ్మ, ఆ రాత్రి వాళ్ళింట్లో రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఊరిబిండి అనే శనక్కాయల పచ్చడి వేసి నా ముందు పెడుతూ. ఆ ఆదివారం తర్వాత సారమ్మ ప్రతి సాయంత్రం గని దాకా పరుగెత్తి వెళ్ళి, ఎవరి బిడ్డయినా నీళ్ళలో ఉందేమో చూసొస్తేనే అన్నం తినేదట. మోకాళ్ళు పోయాయి. అప్పటినుంచి దావీదు వెళుతున్నాడు. వెళ్ళి చుట్టూ వీడియో తీసి, ఎవరూ లేరని నోటితో చెప్పి ఆమె ఫోనుకి పంపుతాడు. ఊళ్ళో మిగతా తల్లులు కూడా తమకీ పంపమన్నారు. అందరికీ పంపలేక, చెల్లెలి కూతురు చేత ఒక ఖాతా తెరిపించుకున్నాడు. ఆ చూసే ముప్పై నలభైమందీ ఎవరో నాకప్పుడు తెలిసింది. ఆ ఊరి అమ్మలు. వాళ్ళు పొయ్యి వెలిగించుకోవడానికి ఎదురుచూసే మాటని నేను ప్రకటన అనుకున్నాను.

సంగటి పళ్ళెం పక్కకి జరిపాను. దాచి లాభం లేదని నా పేజీ, పందెం, కుర్రవాడి జవాబు, దానిమీద నేను పెట్టిన గుండె బొమ్మ, అన్నీ చూపించాను. వాళ్ళ ముందే అది తీసేశాను. ఆ తర్వాత పేజీనే మూసేశాను. కర్నూలు కుర్రవాడికి ఫోను చేస్తే నొచ్చుకుని తనదీ తీసేశాడు గానీ, అప్పటికే మూడు నాలుగు గ్రూపుల్లోకి వెళ్ళిపోయిందని, రేపు ఆదివారం కదా చాలామంది బయల్దేరుతున్నారని చెప్పాడు.

దావీదు తిట్టి ఉంటే బాగుండేది. సారమ్మ మాత్రం నన్ను అడిగింది.

"ఎంతమంది వొస్తారక్కా?"

దావీదు చెల్లెలి కూతురిని పిలిచి, ఊరివాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనబడకుండా ఖాతాకి తాళం వేయించాలని అనుకున్నాం. ఆ పిల్ల ప్రొద్దుటూరులో ఉంది, సోమవారం వస్తానంది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకోమన్నారు. నా మొహం చెల్లక వద్దన్నాను. అయినా సారమ్మ చాప పరిచింది.

ఆదివారం

రెండేళ్ళలో మొదటిసారి దావీదు చర్చికి పోలేదు. తొమ్మిదింటికే ఇద్దరం గని దగ్గర ఉన్నాం. పది దాటాక మొదటి బండి చప్పుడు వినబడింది.

ఎంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు. బండ్ల మీద కుర్రాళ్ళు, రెండు కార్లు, ఒక కొత్త జంట. దావీదు అప్పటికే వెదురుగడతో నీళ్ళలోకి దిగి, మెట్టు చివర, కాలి వేళ్ళతో అంచు తడుముకుని నిలబడ్డాడు. ఆయన్ని దాటితే తప్ప ఎవరూ లోతులో పడే వీలు లేదు. నేను ఒడ్డున ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ఇది చూసే చోటు కాదు, ఒక పిల్ల పోయిన చోటు, వెళ్ళిపోండి అని చెప్పాను. మేడం మీరే కదా ఆ పేజీ ఆవిడ అని ఇద్దరు అమ్మాయిలు నాతో సెల్ఫీ అడిగారు. మొన్నటిదాకా ఆ మాటకి పొంగిపోయేదాన్ని. ఆదివారం నాడు సిగ్గుతో చచ్చిపోయాను.

విన్నవాళ్ళు విన్నారు. ఒక తల్లి తన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, పువ్వు రాయికి దణ్ణం పెట్టుకుని వెంటనే వెనుదిరిగింది. వినని వాళ్ళూ ఉన్నారు. ఇంత దూరం వచ్చింది ఉత్త చేతుల్తో పోవడానికా అన్నారు. మెట్టు మీద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఒక కుర్రవాడికి దావీదు అడ్డంగా తోచాడు.

"అన్నా, కొంచెం పక్కకి పో. ఫోటోలో పడతాండావ్."

దావీదు కదల్లేదు. ఆ కుర్రవాడు విసుక్కుని ఇటు తిరిగి తీసుకున్నాడు. నేను కూడా నీళ్ళలోకి దిగాను. ముందు ఏ బండ దాకా రావచ్చో దావీదు కళ్ళతోనే చూపించాడు. ఈత రాదు, వయసు అరవై దాటింది, నావల్ల ఏదో అవుతుందని కాదు. ఆయన ఒక్కడూ అలా నిలబడితే ఒడ్డున ఉండలేకపోయాను. మధ్యాహ్నం సారమ్మ పంపిన జొన్నరొట్టె కూడా నీళ్ళలో నిలబడే తిన్నాడు. నాలుగయ్యేసరికి ఆయన పాదాలు నానిపోయి తెల్లబడ్డాయి.

అయిదింటికి ఒక కారు మిగిలింది. వాళ్ళు ఒడ్డున దుప్పటి పరుచుకుని, డబ్బాలు విప్పి తింటున్నారు. దావీదు జేబులో ఫోను మోగింది. సారమ్మ. ఆయన తీయలేదు.

"ఏమని చెప్పల్ల," అన్నాడు నాతో. ఆ రోజంతటిలో ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

ఫోను ఆగి మళ్ళీ మోగింది. ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఫోను చేతబట్టుకుని కూర్చున్నారో అనుకుంటే నాకు ఏడుపొచ్చింది. దుప్పటి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. ఏమనుకున్నారో, పెద్దావిడ ఏడుస్తోందనుకున్నారో, సర్దుకుని లేచారు. కారు చేల మధ్య దుమ్ము లేపుకుంటూ వెళ్ళి కనుమరుగయ్యేదాకా దావీదు నీళ్ళలోనే ఉన్నాడు.

తర్వాత ఒడ్డెక్కి, చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోను తీశాడు. ఎప్పటిలాగే నీళ్ళ మీద మొదలుపెట్టి మెల్లగా చుట్టూ తిప్పబోయి, నా దగ్గరికి వచ్చేసరికి ఆపాడు. గొంతులో కోపం లేదు.

"అక్కా, నువ్వు గూడా పక్కకి పో. సారమ్మకు అబద్ధం చెప్పగూడదు."

నేను నాపబండల గోడ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆయన మళ్ళీ మొదటినుంచి చుట్టూ తిప్పాడు, నీళ్ళు, మెట్టు, పువ్వు రాయి, శనగ చేలు. గోడ అవతల నుంచి నాకు గొంతు మాత్రమే వినబడింది.

"ఈ పొద్దు ఈడ ఎవురూ లేరు."